అన్ని స్టైల్సూ వాయిస్తాను, కానీ వింటే అది నేనని ఎవరికీ తెలియడం లేదు

మాదాపూర్_టెనర్
తొమ్మిదేళ్లుగా జాజ్, టెనర్ శాక్సఫోన్ వాయిస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక హోటల్ లాంజ్‌లో వారానికి నాలుగు రాత్రులు, సీజన్‌లో రిసెప్షన్లు, అప్పుడప్పుడు స్టూడియో పని. బాసనోవా అడిగితే బాసనోవా, ఫంక్ అడిగితే ఫంక్, బీబాప్ అడిగితే అదీ. పన్నెండు శ్రుతుల్లోనూ తడుముకోకుండా వాయిస్తాను. గొప్ప కోసం చెప్పడం లేదు, నా బాధ అక్కడే మొదలైంది కాబట్టి చెబుతున్నాను.

పోయిన నెల అక్కా వాళ్లింటికి న్యూజెర్సీ వెళ్లాను. ఒక రాత్రి న్యూయార్క్‌లో చిన్న క్లబ్‌లో జామ్ సెషన్ (ఎవరైనా ఎక్కి కలిసి వాయించొచ్చు) ఉందంటే వెళ్లి పేరు రాయించుకున్నాను. నా వంతు వచ్చేసరికి పన్నెండున్నర. ఎఫ్ శ్రుతిలో బ్లూస్ అన్నారు. మూడు కోరస్‌లు (పాట మొత్తం ఒక చుట్టు తిరిగితే ఒక కోరస్) వాయించాను. ఒక్క స్వరం జారలేదు. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. కిందికి దిగాక, బాస్ వాయించిన పెద్దాయన (డెబ్బై దాటి ఉంటాయి) పక్కన కూర్చోబెట్టుకుని చాలా మర్యాదగా అన్నాడు: "మొదటి కోరస్‌లో డెక్స్‌టర్ గోర్డన్ వచ్చాడు. రెండో దాంట్లో కోల్‌ట్రేన్. మూడో దాంట్లో మైకేల్ బ్రెకర్. నాలుగోదాంట్లో నువ్వొస్తావేమో అని చూస్తుంటే దిగిపోయావు." ముగ్గురూ టెనర్‌లో మహామహులు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటికొచ్చి మూడు వారాలైనా ఆ మాట చెవుల్లోనే ఉంది. అన్నీ నేర్చుకోవడంలో తొమ్మిదేళ్లు పోగొట్టుకున్నానా? అన్నీ వాయించగలిగేవాడికి తనదంటూ ఒక బాణీ ఉండదా? ఉంటే అది ఎక్కడి నుంచి వస్తుంది?

గిగ్_గణేశ్
కీబోర్డ్, ఇరవై ఏళ్లు. ఆ పెద్దాయన అన్నది నిజమే అయి ఉండొచ్చు. కానీ తమ్ముడూ, నీకు వారానికి నాలుగు రాత్రులు పని ఉంది. అది చిన్న విషయం కాదు. మనకి ఫోన్ చేసేవాడు "రెండు గంటలు, పాత పాటలు, ఒక బాసనోవా, చివర్లో డాన్స్ నంబర్లు" అంటాడు. నీ బాణీ ఏమిటని అడగడు. ఏది అడిగితే అది ఇవ్వగలగడం కూడా విద్యే. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది.

వినేవాడు_వైజాగ్
నేను వాయించను, వింటాను. ముప్ఫై ఏళ్లుగా అదే పిచ్చి. మా ఇంట్లో ఒక ఆట ఉంది. నేను గోడవైపు తిరిగి కూర్చుంటాను, మా ఆవిడ ఏదో ఒక రికార్డు తీసి సోలో మధ్యలో సూది పెడుతుంది. పది సెకన్లలో ఎవరో చెప్పాలి. తప్పితే ఆ పూట గిన్నెలు నావి. ఆల్టో శాక్స్ (టెనర్ కంటే చిన్నది) జానీ హాడ్జెస్‌ అయితే ఒక్క స్వరం సాగదీసేలోపే చెప్పేస్తాను. పియానో థెలోనియస్ మంక్ అయితే రెండు కార్డ్‌లు (కలిపి మోగే స్వరాలు) చాలు. మైల్స్ డేవిస్ ట్రంపెట్‌కి మ్యూట్ (శబ్దం తగ్గించే మూత) పెట్టి వాయిస్తే మొదటి స్వరం కూడా పూర్తిగా వినక్కర్లేదు.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. వీళ్లెవరినీ నేను లిక్కుల్ని (నేర్చి పెట్టుకున్న చిన్న చిన్న స్వరాల ముక్కలు) బట్టి పట్టుకోవడం లేదు. లిక్కులు అందరివీ ఒకటే. స్వరం ఎలా మొదలవుతుంది, ఎలా ఆగుతుంది, బీట్‌కి ముందా వెనకా, ఎక్కడ ఊరుకున్నాడు... వీటిని బట్టే. మీరు స్టైల్స్ గురించి రాశారు గానీ మీ శాక్స్ శబ్దం ఎలా ఉంటుందో ఒక్క ముక్క రాయలేదు.

కాన్సాస్_రాత్రులు
ఈ ప్రశ్న జాజ్‌లో చాలా పాతది, దీని మీద ఒక మనిషి ఉద్యోగమే పోగొట్టుకున్నాడు.

1934. న్యూయార్క్‌లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండ్. దాదాపు పదేళ్లు అందులో టెనర్ అంటే కోల్‌మన్ హాకిన్స్. పెద్ద శబ్దం, బరువైన వైబ్రాటో (స్వరంలో వణుకు), కార్డ్‌లో ఒక్క మూల వదలకుండా తిరిగే సోలోలు. అప్పట్లో టెనర్ అంటే అదే. హాకిన్స్ యూరప్ వెళ్లిపోయాడు. ఆ కుర్చీలోకి లెస్టర్ యంగ్‌ని పిలిపించారు. ఇతని శబ్దం తేలిక, వైబ్రాటో తక్కువ, గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. బ్యాండ్‌లో వాళ్లకి నచ్చలేదు. ఇది టెనర్ శబ్దమేనా అన్నారు. లెస్టర్ హెండర్సన్ ఇంట్లోనే దిగాడు. హెండర్సన్ భార్య లియోరా పొద్దున్నే నిద్ర లేపి హాకిన్స్ రికార్డులు పెట్టి వినిపించేదట, అలా వాయించడం నేర్చుకోమని. ఆమె చెడ్డది కాదు. ఇతని ఉద్యోగం నిలబడాలని ఆమె తాపత్రయం.

ఊహించుకోండి. ఇరవై నాలుగేళ్ల మనిషి, దేశంలోకెల్లా పేరున్న బ్యాండ్, కొత్త ఊరు, ఉండేది యజమాని ఇంట్లో. పొద్దున్నే నిద్రకళ్లతో ఇంకొకడి రికార్డు. హాకిన్స్ లాగా వాయించడం అతనికి రాక కాదు. విన్నాడు, ఊరుకున్నాడు, తనలాగే వాయించాడు. కొన్ని నెలలకే బయటికొచ్చేశాడు. వెళ్తూ హెండర్సన్‌ని ఒక్కటే అడిగాడట: నన్ను తీసేయలేదని ఒక ఉత్తరం రాసివ్వండి అని.

ఆ తర్వాత 1936 నవంబర్లో షికాగోలో బ్యాండ్ లీడర్ కౌంట్ బేసీతో చిన్న గుంపుగా మొదటి రికార్డులు చేశాడు. ఆ సోలోలు విని ఒక తరం మొత్తం వాయించే తీరు మార్చుకుంది.

నాలుగువేళ్ల_మీనా
ఆ ఉత్తరం దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఎంత భయపడి ఉంటే అడిగి ఉంటాడు.

గిగ్_గణేశ్
కథ బాగుంది. కానీ ఉద్యోగం పోయిందా లేదా? బాణీ ఉంది, కుర్చీ పోయింది. నేను చెప్పేదీ అదే. లెస్టర్ యంగ్ ఒకడు పైకొచ్చాడు, అలాగే తనలా వాయించి ఊరికి తిరిగెళ్లిపోయిన వాళ్ల పేర్లు మనకి తెలియవు.

కాన్సాస్_రాత్రులు
అది ఒప్పుకుంటాను. దానికి నా దగ్గర జవాబు లేదు.

బోస్టన్_బార్‌లైన్
నేను బోస్టన్‌లో జాజ్ కోర్సు చదువుతున్నాను, రెండో ఏడాది, గిటార్. మూలపోస్ట్‌లో ఒక పొరపాటు ఉందనిపిస్తోంది. అన్నీ నేర్చుకోవడం తప్పు అన్నట్టు రాశారు. ఆల్టో శాక్స్ ఛార్లీ పార్కర్ సంగతే చూడండి. 1936లో కాన్సాస్ సిటీ రెనో క్లబ్‌లో జామ్‌కి వెళ్లి దారి తప్పితే, డ్రమ్మర్ జో జోన్స్ సింబల్ తీసి నేల మీద విసిరి దించేశాడు. ఆ తర్వాతి వేసవిలో ఓజార్క్ కొండల్లో ఒక రిసార్ట్‌లో పని దొరికితే, వెంట బేసీ రికార్డులు పట్టుకెళ్లి లెస్టర్ యంగ్ సోలోలు స్వరం స్వరం నేర్చుకున్నాడు. పదిహేడు కూడా నిండలేదు. అంటే పైన చెప్పిన లెస్టర్‌ని కాపీ కొట్టే పార్కర్ పార్కర్ అయ్యాడు. కాపీ కొట్టకుండా బాణీ వచ్చిన వాడిని ఒక్కడిని చూపించండి.

కాన్సాస్_రాత్రులు
కాపీ వద్దని నేనెక్కడా అనలేదు బాబూ. లెస్టర్ కూడా ఫ్రాంకీ ట్రంబావర్ రికార్డులు అరిగిపోయేలా విన్నవాడే. ట్రంబావర్‌ది సీ మెలడీ శాక్స్, టెనర్ కంటే కొంచెం చిన్నది. ఆ తేలిక శబ్దాన్ని టెనర్‌లో తేవాలని చూశాడు. ఇక్కడ గమనించాల్సింది ఇదే. అందరూ హాకిన్స్‌ని వింటున్నప్పుడు ఇతను ఎవరిని విన్నాడు, ఎందుకు విన్నాడు. పార్కర్ కూడా ఆ వేసవిలో పది మందిని నేర్చుకోలేదు. ఒకే మనిషిని నేర్చుకున్నాడు. మాదాపూర్ గారు తొమ్మిదేళ్లలో ఎంతమందిని నేర్చుకున్నారో అడగాలనుంది.

మాదాపూర్_టెనర్
నా నోట్‌బుక్‌లో 140 పైగా సోలోలు ఉన్నాయి. ఒక్కొక్కటి సగమో, ఒక కోరస్సో. పూర్తిగా దించినవి నాలుగైదు ఉంటాయేమో. ఇప్పుడు లెక్క చూసుకుంటే నాకే ఇబ్బందిగా ఉంది.

ఫిడేలు_మేనకోడలు
నేను కర్ణాటక వయొలిన్, జాజ్ వింటాను. ఈ చర్చ మా ఇళ్లలో రోజూ ఉండేదే. పక్కవాద్యం వాయించేవాళ్లకి అన్నీ రావాలి. గాయకుడు ఆలాపన చేసి ఆపగానే అదే రాగం మనం వాయించాలి, అదీ ఆయన ధోరణి చెడకుండా. రేపు ఇంకొకరితో కచేరీ, వాళ్ల ధోరణి వేరు. అంటే వెర్సటాలిటీయే మా ఉద్యోగం. అయినా విజయనగరం ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమాను వింటే ఫిడేలు నాయుడు గారని తెలిసిపోతుంది. పొడవైన కమాను, ఒత్తిడి లేని నాదం. ఆయన పెద్ద పెద్ద గాయకులకి పక్కన వాయించినప్పుడూ ఆ నాదం మారలేదు. గాయకుడి వెనక నడిచారు, నడక మాత్రం ఆయనదే.

అందుకే వెర్సటాలిటీ ఒకవైపు, బాణీ ఒకవైపు అని గీత గీయడం నాకు ఒప్పదు. ఏం వాయిస్తున్నామన్నది పూటపూటకీ మారుతుంది. నాదం మారకూడదు.

బోస్టన్_బార్‌లైన్
మేడమ్, కర్ణాటకంలో రాగం అందరికీ ఒకటే కాబట్టి నాదంలో తేడా తెలుస్తుంది. జాజ్‌లో కార్డ్‌లు గబగబా మారుతుంటే నాదం గురించి ఆలోచించే టైమ్ ఎక్కడ? కోల్‌ట్రేన్ జెయింట్ స్టెప్స్ తీసుకోండి. 16 బార్లలో (బార్ అంటే నాలుగు బీట్ల ముక్క) 26 కార్డ్‌లు.

కాన్సాస్_రాత్రులు
మంచి ఉదాహరణ తెచ్చావు. 1959లో ఆ రికార్డు మీద పియానో టామీ ఫ్లానగన్. ఆయన అప్పటికే పెద్ద వాయిద్యగాడు, అన్నీ తెలిసినవాడు. ఆ వేగంలో ఆ కార్డ్‌లు చూసి సోలో మధ్యలో తడబడి, చివరికి ఒట్టి కార్డ్‌లు వేస్తూ బయటపడ్డాడు. రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది. ఇప్పుడు మీ కాలేజీలో ఎంతమంది ఆ పాట తడబడకుండా వాయిస్తారు?

బోస్టన్_బార్‌లైన్
మా బ్యాచ్‌లోనే పదిమంది పైగా.

కాన్సాస్_రాత్రులు
వాళ్లని రికార్డ్ చేసి పేర్లు చెప్పకుండా వినిపిస్తే ఎవరు ఎవరో గుర్తుపట్టగలవా?

బోస్టన్_బార్‌లైన్
ఇద్దరిని. ఆ ఇద్దరూ క్లాస్‌లో ఫాస్ట్‌గా వాయించేవాళ్లు కాదు. ఇది రాస్తుంటే నాకే అర్థమవుతోంది.

అయినా ఒక మాట. వినగానే గుర్తుపట్టడం అనుకున్నంత నమ్మదగిన పరీక్ష కాదు. 1951లో ట్రంపెట్ రాయ్ ఎల్డ్రిడ్జ్, విమర్శకుడు లెనర్డ్ ఫెదర్‌తో పందెం కట్టాడు, రికార్డు విని వాయించింది నల్లజాతి వాళ్లో తెల్లవాళ్లో చెప్పేస్తానని. పేర్లు చూపించకుండా వినిపిస్తే సగానికి పైగా తప్పాడు. అంత చెవి ఉన్నవాడే తప్పాడు.

వినేవాడు_వైజాగ్
తప్పడం నాకూ తెలుసు, గిన్నెలు సాక్ష్యం. కానీ అక్కడ ఆయన చెప్పబోయింది జాతి. మనిషిని కాదు. శబ్దంలో జాతి వినపడదని ఆ పరీక్ష తేల్చింది, మనిషి వినపడడని తేల్చలేదు.

గిగ్_గణేశ్
అందరూ బ్రెకర్‌ని వదిలేశారు. ఆ పెద్దాయన నోట వచ్చిన మూడో పేరు. పాప్, రాక్, ఫంక్... ఎవరు పిలిచినా వెళ్లాడు. వందల ఆల్బమ్‌లలో వాయించాడు. తన పేరుతో మొదటి సొంత ఆల్బమ్ వచ్చింది 1987లో, అప్పటికి దాదాపు ముప్ఫై ఎనిమిదేళ్లు. అంతవరకూ ఎక్కువగా ఊళ్లోవాళ్ల పాటల్లో పక్కన వాయించినవాడే. అతన్ని ఇప్పుడు ప్రపంచంలో ప్రతి టెనర్ కుర్రాడూ కాపీ కొడుతున్నాడు. వెర్సటాలిటీ బాణీని చంపేస్తే ఇది ఎలా జరిగింది?

ఫిడేలు_మేనకోడలు
గణేశ్ గారూ, ఈ ఒక్క పోస్ట్‌కి వంద లైకులు. ఆయన ఎవరి పాటలో ఎనిమిది బార్లు వాయించినా ఆ ఎనిమిది బార్లు ఆయనవే. నేను అన్న నడక అదే.

గుంటూరు_బొటనవేలు
నా హ్యాండిల్ చూసి చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెబుతాను. వెస్ మాంట్‌గోమరీ అనే జాజ్ గిటార్ వాద్యకారుడి మీద ప్రేమతో పెట్టుకున్నాను. ఇండియానాపొలిస్‌లో ఆయన పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి సాధన. పిక్ (తీగ మీటే బిళ్ల)తో వాయిస్తే చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బందని బొటనవేలితో మీటడం మొదలుపెట్టాడు. ఆ మెత్తని గుండ్రటి శబ్దం అలా పుట్టింది. ఇంకో సంగతి. ఆయన మొదట్లో గిటార్ ఛార్లీ క్రిస్టియన్ సోలోలు కంఠతా పట్టి, క్లబ్‌లో వాటిని మాత్రమే వాయించి దిగిపోయేవాడు. ఇంకేమీ రాదు అప్పటికి.

జాంగో రైన్‌హార్ట్ సంగతి తెలిసిందే. ఆయనా గిటారే. 1928లో ఉంటున్న బండికి నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్లతో సోలోలన్నీ.

నా అనుభవం చిన్నది. గుంటూరులో అద్దె ఇల్లు, కింద ఓనర్ గారు, రాత్రి తొమ్మిది దాటితే చప్పుడు చేయకూడదు. ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) లేకుండా, తీగ మీద అరచేయి ఆనించి నాలుగేళ్లు సాధన చేశాను. ఇప్పుడు ఆంప్ పెట్టినా నా స్వరాలు పొట్టిగా, ఆరిపోయినట్టు వస్తాయి. మొదట్లో సిగ్గుపడేవాణ్ని. పోయినేడు ఒక డ్రమ్మర్ "నీ స్వరాల మధ్య ఖాళీ ఉంటుంది, నాకు వాయించడానికి చోటు దొరుకుతుంది" అన్నాడు.

గిగ్_గణేశ్
అయితే జాజ్ గిటార్‌ని సగం పక్కింటివాళ్లూ ఇంటి ఓనర్లూ తయారుచేశారన్నమాట.

నాలుగువేళ్ల_మీనా
మా ఓనర్‌కి ఈ పోస్ట్ చూపిస్తాను, అద్దె పెంచేస్తాడేమో :)

మాదాపూర్_టెనర్
అందరి పోస్టులూ రెండేసిసార్లు చదివాను. ఒక్కటి సూటిగా అడుగుతాను. రేపు పొద్దున్న లేచి శాక్స్ చేతిలోకి తీసుకుంటాను. ఏం చేయాలి? రోజూ లాగే పన్నెండు శ్రుతుల్లో స్కేళ్లు మొదలుపెడితే ఇంకో తొమ్మిదేళ్లు పోతాయని భయంగా ఉంది.

డాలస్_పంతులమ్మ
ఆల్టో, ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇలాంటి టెన్షన్‌తో నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. స్కేళ్లు మానేయకు, ఇరవై నిమిషాలు చాలు. మిగతా టైమ్ గురించి చెబుతాను.

ఒకటి. ఆ 140 సోలోల పుస్తకం మూసెయ్. ఒక్క సోలో తీసుకో, నీకు గొప్పగా అనిపించేది కాదు, నీకు ఏడుపొచ్చేది. దాన్ని ముందు నోటితో పాడు. పియానో వాయించే లెనీ ట్రిస్టానో తన శిష్యులతో ఇదే చేయించేవాడు. లెస్టర్ సోలో రికార్డుతో పాటు తేడా లేకుండా పాడగలిగేదాకా వాద్యం ముట్టనిచ్చేవాడు కాదు. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో అక్కడే నువ్వూ తీసుకోవాలి. నెల పట్టినా, రెండు నెలలు పట్టినా ఫర్వాలేదు. ఆయన శిష్యుడు లీ కోనిట్జ్‌ని విను. ఆల్టో వాళ్లందరూ పార్కర్ వెనక పడిన కాలంలో పార్కర్ లాగా లేని ఆల్టో అతనిది.

రెండోది కూడా కోనిట్జ్ దగ్గర నేర్చిందే. తెలిసిన పాట ఒకటి తీసుకుని మొదటి కోరస్ ఉన్నది ఉన్నట్టు వాయించు. సంగతులు వద్దు. రెండో కోరస్‌లో ఎక్కడో ఒకచోట ఒక స్వరం అటూ ఇటూ. మూడోదాంట్లో ఇంకొంచెం. నీకు మార్చాలనిపిస్తేనే మార్చు. వేళ్లు అలవాటుగా ఏదో లిక్ వైపు పరిగెడితే ఆగిపో, ఆ బార్ ఖాళీగా వదిలెయ్. మొదటి వారం నీకు చాలా బోర్ కొడుతుంది, చెడ్డగా కూడా ఉంటుంది. అప్పుడు అసలైన పని మొదలైనట్టు.

మూడు. ఫోన్‌లో రికార్డ్ చేసుకో, ఆ రోజు వినకు. పది రోజుల తర్వాత విను. నీకు తెలియకుండా మళ్లీ మళ్లీ చేస్తున్నది ఏమిటో చూడు. సాధారణంగా దాన్నే మనం తప్పు అనుకుంటాం. దాన్ని దిద్దే ముందు ఎవరికైనా వినిపించు.

బోస్టన్_బార్‌లైన్
మేడమ్ చెప్పిన మూడోదానితో నాకు చిన్న పేచీ. మళ్లీ మళ్లీ చేసేదంతా బాణీ అయిపోతే తప్పులు దిద్దుకోవడం ఎప్పుడు? లయ జారడం కూడా కొందరికి అలవాటే.

డాలస్_పంతులమ్మ
అందుకే దిద్దే ముందు ఎవరికైనా వినిపించమన్నాను. లయ జారితే పక్కన వాయించేవాడికి ఇబ్బంది అవుతుంది, వాడే చెబుతాడు. గుంటూరు గారి పొట్టి స్వరాలు డ్రమ్మర్‌కి చోటిచ్చాయి. ఈ రెండూ ఒకటి కాదు. పక్కవాడి మొహం చూస్తే తెలిసిపోతుంది.

కాన్సాస్_రాత్రులు
మైల్స్ డేవిస్‌ది కూడా ఇలాంటిదే. 1945లో పార్కర్ కో-కో అనే పాట రికార్డ్ చేసిన రోజు మైల్స్ స్టూడియోలోనే ఉన్నాడు, పంతొమ్మిదేళ్లు. మిగతా పాటల్లో ట్రంపెట్ అతనిదే. కో-కో మాత్రం ఆ వేగానికి తన వల్ల కాదన్నాడు. అక్కడే ఉన్న డిజ్జీ గిలెస్పీ ట్రంపెట్ అందుకున్నాడు. డిజ్జీలాగా పై స్వరాల్లో అంత వేగంగా పరిగెత్తడం ఈ కుర్రాడి వంటికి పడలేదు. మధ్య స్వరాల్లో, తక్కువ స్వరాల్లో తన పని వెతుక్కున్నాడు. ఇప్పుడు మనం రెండు సెకన్లలో గుర్తుపడుతున్నది ఆ మధ్య స్వరాలనే.

గోదావరి_తీగ
ఆలస్యంగా వచ్చాను. మా పాలకొల్లు వాడి పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు, అందుకని. మాండలిన్ యు. శ్రీనివాస్. కర్ణాటక సంగీతానికి పనికిరాదు, గమకం పలకదు అన్న వాద్యం. ఎనిమిది తీగల దాన్ని ఐదు ఒంటి తీగలకు మార్చుకున్నాడు, ఎలక్ట్రిక్ చేసుకున్నాడు. జాన్ మెక్‌లాఫ్లిన్ తన బ్యాండ్ రిమెంబర్ శక్తిలోకి తీసుకున్నప్పుడు జాజ్ నేర్చుకుని రమ్మనలేదు. ఇతను వాయించేది అలాగే కావాలనుకుని తీసుకున్నాడు. పక్కన ప్రపంచంలోనే వేగంగా గిటార్ వాయించేవాళ్లలో ఒకడు. ఆ జవాబులు వినండి, తన తీరులోనే ఉంటాయి. 2014లో 45 ఏళ్లకే పోయాడు. ఇప్పటికీ ఆ రికార్డింగులు పెట్టుకుంటే మధ్యలో ఆపలేను.

ఫిడేలు_మేనకోడలు
నేనూ ఆపలేను.

గిగ్_గణేశ్
మాదాపూర్ తమ్ముడూ, ఇంతమంది ఇంత రాశాం, నీ శాక్స్ ఎవరం వినలేదు. ఏదైనా పెట్టు. జామ్ రికార్డింగ్ వద్దు, మామూలు రోజుది.

మాదాపూర్_టెనర్
రెండు క్లిప్‌లు పెట్టాను. మొదటిది న్యూయార్క్ బ్లూస్, అక్క ఫోన్‌లో తీసింది. రెండోది హోటల్‌లో మొన్న శుక్రవారం, ఒక బాలడ్ (నెమ్మది పాట). రెండోది పట్టించుకోకండి, స్పూన్ల చప్పుడు ఎక్కువ. సెట్ మధ్యలో కాలక్షేపానికి వాయించింది.

వినేవాడు_వైజాగ్
మొదటిది విన్నాను. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం, క్షమించండి. చాలా చక్కగా ఉంది, ఎవరెవరో వినిపించారు.

రెండోది మూడుసార్లు విన్నాను. ఒక నిమిషం పది సెకన్ల దగ్గర కింది స్వరానికి దిగుతారు. అక్కడ స్వరం కంటే ముందు గాలి వినిపిస్తుంది. ఆ తర్వాత స్వరం వస్తుంది, పూర్తిగా రాకుండానే వదిలేస్తారు. పక్క టేబుల్ వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఆ ఒక్క చోట మాట ఆగింది. మళ్లీ వినండి, ఆగింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఎవరిది అని అడిగింది. ఆవిడ అలా అడగడం చాలా అరుదు.

కాన్సాస్_రాత్రులు
విన్నాను. రెండూ ఒకే మనిషి వాయించాడంటే నమ్మడం కష్టం. రెండో క్లిప్‌లో మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకునే ముక్క) వేరా?

మాదాపూర్_టెనర్
వేరే. న్యూయార్క్‌లో మెటల్ మౌత్‌పీస్, గట్టి రీడ్ (దానికి బిగించే పలచని బద్ద). జామ్‌లో వినిపించాలి కదా. హోటల్‌లో పాత రబ్బరు మౌత్‌పీస్, మెత్తని రీడ్. చేరిన కొత్తలో మేనేజర్ రోజూ వచ్చి సౌండ్ తగ్గించు, గెస్టులు మాట్లాడుకోలేకపోతున్నారు అనేవాడు. తగ్గించి తగ్గించి, కింది స్వరాలన్నీ గాలితోనే వాయించడం అలవాటైపోయింది. అది నాకు వాయించడం లాగా అనిపించదు. బయట జామ్‌లకి వెళ్తే ఆ అలవాటు బయటపడకుండా జాగ్రత్తపడతాను.

గుంటూరు_బొటనవేలు
అన్నా. నా పోస్ట్ మళ్లీ చదువు. వెస్‌ది కూడా.

గిగ్_గణేశ్
ఉద్యోగం పెట్టిన విద్య అది! నేను మొదటి నుంచీ ఏమంటున్నాను?

నాలుగువేళ్ల_మీనా
హెండర్సన్ ఇంట్లో లెస్టర్‌కి రికార్డులు వినిపించింది లియోరా. ఇక్కడ లియోరా కూడా మాదాపూర్ గారే, లెస్టర్ కూడా ఆయనే. పొద్దున్నే లేచి తనకి తనే హాకిన్స్ రికార్డులు పెట్టుకుంటున్నారు.

బోస్టన్_బార్‌లైన్
మీనా గారి పోస్ట్ తర్వాత నేను వాదించడానికి ఏమీ లేదు. కానీ నిజాయితీగా ఒకటి చెప్పాలి. గాలితో కూడిన ఆ సబ్‌టోన్ కొత్తది కాదు. టెనర్ బెన్ వెబ్‌స్టర్ బాలడ్‌లు వినండి, స్వరం ఆగాక కూడా గాలి మిగులుతుంది. ఇది తనదని అనుకుని రేపు ఎవరైనా వెబ్‌స్టర్ పేరు చెబితే మళ్లీ నిద్ర పట్టదు.

డాలస్_పంతులమ్మ
వెబ్‌స్టర్ పేరు చెప్పడం మంచిదే, వినాలి కూడా. కానీ తేడా ఉంది. వెబ్‌స్టర్ గాలి స్వరం చివర్న మిగులుతుంది. ఈ అబ్బాయిది స్వరానికి ముందు వస్తుంది. తలుపు తెరిచి గుమ్మం దగ్గర ఆగినట్టు ఉంటుంది. ఎదుటివాళ్ల మాటకి అడ్డం రాకూడదని చూసి చూసి వచ్చిన అలవాటు కదా, సహజంగానే అలా వస్తుంది. నాయనా, ఏడుపొచ్చే సోలో అన్నానే, వెబ్‌స్టర్‌దే ఒకటి తీసుకో. పాడు. అతని గాలి ఎక్కడుందో, నీది ఎక్కడుందో తెలుస్తుంది.

మాదాపూర్_టెనర్
ఇవాళ మొదలుపెట్టాను. పాడుతుంటే మొదటి నాలుగు బార్లకే గంటన్నర పట్టింది. ఆయన ఊపిరి తీసుకునే చోట నేను ఆగలేకపోతున్నాను, ముందే అయిపోతోంది. పొద్దున మెటల్ మౌత్‌పీస్ పెట్టె తెరిచి చూసి మళ్లీ మూసేశాను. పారేయలేదు, రిసెప్షన్‌కి అదే కావాలి.

ఫిడేలు_మేనకోడలు
పారేయొద్దు. ఆ మౌత్‌పీస్‌తో కూడా గాలి ముందు వస్తుందేమో చూడండి. మౌత్‌పీస్ మారినా అది నిలిస్తే నాకు చెప్పండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

మాదాపూర్_టెనర్
సాయంత్రం ప్రయత్నించాను మేడమ్. మెటల్‌తో ఎక్కువ స్వరాల్లో రాలేదు. కింది బీ ఫ్లాట్ మీద వచ్చింది, ఒక్కసారి. రికార్డ్ చేశాను, పది రోజుల దాకా వినను.

గిగ్_గణేశ్
వచ్చే గురువారం నాకు గిగ్ లేదు. ఏ హోటలో ఇక్కడ రాయకు, మెసేజ్ పెట్టు. వచ్చి వింటాను.

మాదాపూర్_టెనర్
పెట్టాను అన్నా. మొదటి సెట్ ఎనిమిదిన్నరకి. స్తంభం పక్క టేబుల్ అడగండి, స్పీకర్ దగ్గర కూర్చుంటే గాలి వినపడదు.